చక్రంపై రాసిన ఆర్‌పీఎం ఏం చెబుతుంది?

వెల్డింగ్ షాపుల్లో ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్ చక్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న చక్రంపై గరిష్ఠ వేగం సాధారణంగా 15,300 ఆర్‌పీఎం అని ముద్రించి ఉంటుంది. 230 మిల్లీమీటర్ల పెద్ద చక్రంపై 6,650 మాత్రమే ఉంటుంది. అంటే చిన్నది గట్టిదనీ, పెద్దది బలహీనమైనదనీ అర్థమా? కాదు. ఈ రెండు అంకెల వెనుక ఉన్న పరిమితి ఒక్కటే. అది కనిపించాలంటే భ్రమణ వేగాన్ని ఒక ప్రమాణం నుంచి మరో ప్రమాణంలోకి మార్చడం తెలియాలి.

ఒకే భ్రమణం, నాలుగు కొలతలు

ఆర్‌పీఎం అంటే ఒక నిమిషంలో తిరిగే చుట్ల సంఖ్య. మోటార్లు, ఇంజిన్లు, ఫ్యాన్ల వేగాన్ని ఇలాగే చెబుతారు. సెకనుకు ఎన్ని చుట్లో చెబితే అది హెర్ట్జ్‌లో పౌనఃపున్యం అవుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో రెండు ధ్రువాల జనరేటర్ 3,000 ఆర్‌పీఎంతో తిరుగుతుంది. దాన్ని 60తో భాగిస్తే 50 వస్తుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్ కావడానికీ, ఆ వేగానికీ సంబంధం అదే.

ఒక పూర్తి చుట్టు 360 డిగ్రీలు, లేదా 6.2832 రేడియన్లు (పై విలువకు రెండు రెట్లు). మార్పిడికి ఈ రెండు సంఖ్యలు, నిమిషానికి 60 సెకన్లు అన్న సంగతి చాలు.

1 ఆర్‌పీఎం = సెకనుకు 1/60 చుట్టు
1 ఆర్‌పీఎం = సెకనుకు 6 డిగ్రీలు
1 ఆర్‌పీఎం = సెకనుకు 0.10472 రేడియన్లు
సెకనుకు 1 రేడియన్ = 9.549 ఆర్‌పీఎం

నాలుగు అంగుళాల గ్రైండర్లు చాలావరకు 11,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతాయి. అంటే సెకనుకు సుమారు 183 చుట్లు, 66,000 డిగ్రీలు, 1,152 రేడియన్లు. అంకెలు మారినా చక్రం తిరిగే వేగం అదే.

రేడియన్ ఎందుకు?

వ్యాసార్థమంత పొడవున్న చాపం వృత్త కేంద్రం దగ్గర చేసే కోణాన్ని రేడియన్ అంటారు. కాబట్టి చక్రం ఒక రేడియన్ తిరిగితే, దాని అంచు సరిగ్గా ఒక వ్యాసార్థమంత దూరం ప్రయాణిస్తుంది. అందుకే అంచు వేగం కావాలంటే సెకనుకు రేడియన్లను వ్యాసార్థంతో గుణిస్తే సరిపోతుంది. డిగ్రీలకుగానీ, ఆర్‌పీఎంకుగానీ ఈ సౌలభ్యం లేదు.

నాలుగు అంగుళాల చక్రం వ్యాసార్థం 0.05 మీటర్లు. 1,152ను దానితో గుణిస్తే సెకనుకు 57.6 మీటర్లు, అంటే గంటకు 207 కిలోమీటర్లు. విద్యార్థులు తరచుగా 11,000నే నేరుగా 0.05తో గుణిస్తారు. సెకనుకు 550 మీటర్లు వస్తుంది. అది గాలిలో ధ్వని వేగాన్ని మించిపోయింది కాబట్టి లెక్కలో తప్పుందని అక్కడే గుర్తించవచ్చు. వ్యాసార్థానికి బదులు వ్యాసం వేయడం మరో సాధారణ పొరపాటు.

దాగి ఉన్న పరిమితి

ఇప్పుడు చక్రాలపై ఉన్న గరిష్ఠ వేగాలకు ఇదే లెక్క కట్టి చూడాలి.

100 మి.మీ., 15,300 ఆర్‌పీఎం: సెకనుకు 80 మీటర్లు
125 మి.మీ., 12,250 ఆర్‌పీఎం: సెకనుకు 80 మీటర్లు
180 మి.మీ., 8,500 ఆర్‌పీఎం: సెకనుకు 80 మీటర్లు
230 మి.మీ., 6,650 ఆర్‌పీఎం: సెకనుకు 80 మీటర్లు

అన్నింటి అంచు వేగం ఒకటే, గంటకు 288 కిలోమీటర్లు. రాపిడి రేణువులను జిగురుతో అతికించి చేసిన ఈ చక్రాలను ఆ వేగం దాటకుండా వాడాలి. చక్రం పెద్దదయ్యే కొద్దీ అంచు ఒక చుట్టులో ఎక్కువ దూరం వెళుతుంది. అందుకే అనుమతించే ఆర్‌పీఎం తగ్గుతుంది.

ప్రాణాల మీదికి వచ్చే తప్పు

లోతుగా కోయడానికి చిన్న గ్రైండర్‌కు గార్డు విప్పేసి ఏడు అంగుళాల (180 మి.మీ.) చక్రం బిగించడం అక్కడక్కడా జరిగే పని. మెషీన్ వేగం 11,000 ఆర్‌పీఎం. వ్యాసార్థం 0.09 మీటర్లు. అంచు వేగం సెకనుకు సుమారు 104 మీటర్లకు చేరుతుంది. చక్రాన్ని చీల్చే ఒత్తిడి వేగంతో పాటు కాక, వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. 8,500కు బదులు 11,000తో తిప్పితే వేగం 29 శాతం పెరిగినా, ఒత్తిడి దాదాపు 67 శాతం పెరుగుతుంది. అంచున ఉన్న ఒక్కో గ్రాము పదార్థాన్ని వృత్తంలో పట్టి ఉంచడానికి సుమారు 12 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. అది తట్టుకోలేక చక్రం పగిలితే, ముక్కలు దాదాపు ఆ అంచు వేగంతోనే దూసుకొస్తాయి. వాటిని ఆపాల్సిన గార్డు అప్పటికే తీసేసి ఉంటుంది.

అందుకే చక్రం బిగించే ముందు రెండు అంకెలు పోల్చి చూడాలి: మెషీన్ ప్లేటు మీది ఆర్‌పీఎం, చక్రం మీది గరిష్ఠ ఆర్‌పీఎం. చక్రం మీది అంకె మెషీన్ అంకెకు సమానంగానో, అంతకంటే ఎక్కువగానో ఉండాలి. తక్కువగా ఉంటే ఆ చక్రం ఆ మెషీన్‌కు పనికిరాదు. సరైన చక్రమైనా పగుళ్లు ఉంటే, గడువు తేదీ దాటితే వాడకూడదు. గార్డు తీయకూడదు, కళ్లద్దాలు మరవకూడదు.