సెల్‌ఫోనుతో పాటను మిక్సింగు చేయుట

గత ఉగాదికి మన పిల్లలు ఒక పాత లాలిపాటను సెల్‌ఫోనులో రికార్డు చేసిరి. ఆ పాట నేర్పిన అవ్వగారిని ముందువరుసలో కూర్చుండబెట్టి, హాలులోని పెద్ద స్పీకర్లలో దానిని వినిపించితిమి. డోలకు ఉరుమువలె మ్రోగినది. అవ్వగారు మావైపు తిరిగి, “డోలకు బాగున్నది నాయనా, పాట ఏది?” అని యడిగిరి. తప్పు పిల్లలది కాదు. రికార్డు చేయుమంటిమే గాని, ఆ తరువాతి పని మేము నేర్పలేదు. ఆ లోపమును ఇప్పుడు తీర్చుచున్నాము.

ఈ విద్యకు మన చెన్నపట్టణము పాత కాపురము. 1957లో విడుదలయైన ‘మాయాబజార్’ చిత్రమునకు వడపళనిలోని వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణము చేసినవారు ఎ. కృష్ణన్, శివరామ్ గారలు. ఆ దినములలో గాయకులును వాద్యకారులును ఒకే హాలులో చేరి ఒకేసారి పాడి వాయించెడివారు. ఎవరి ధ్వని హెచ్చుగా వినబడవలెనో వారు మైకునకు దగ్గరగా నిలుతురు. తక్కినవారు వెనుకకు జరుగుదురు. మిక్సింగు అనగా చాలవరకు అదియే. ఒకరు తప్పినచో అందరును మొదటినుండి పాడవలసినదే. పిమ్మట ఒక్కొక్క ధ్వనిని వేరువేరు ట్రాకులలో పట్టి తరువాత కలుపు పద్ధతి వచ్చినది. 1989లో ఎ.ఆర్. రహ్మాన్ కోడంబాక్కములో తన యింటి ఆవరణలోనే స్టూడియో కట్టుకొనిరి. ఆయన పాటలనేకమునకు మిక్సింగు చేసిన హెచ్. శ్రీధర్ 2008లో కీర్తిశేషులైరి. అప్పటి స్టూడియోలో ఒక గదినిండ పట్టిన బల్ల పని నేడు చాలవరకు ఫోనులో ఇమిడినది. బ్యాండ్‌ల్యాబ్ అను ఆప్ ఆండ్రాయిడ్, ఐఫోను రెంటిలోను ఉచితముగా దొరకును. గరాజ్‌బ్యాండ్ ఆపిల్ పరికరములలో మాత్రమే పనిచేయును.

మిక్సింగునకు ముందు మంచి రికార్డింగు కావలెను. ఫ్యాను ఆపి, పరుపులు, బట్టలు ఉన్న చిన్నగదిలో ఫోనును నోటికి జానెడు దూరమున నుంచవలెను. మీటరులోని ముల్లు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్‌ల నడుమ ఆడిన చాలును. ఎఱ్ఱదీపము వెలిగినచో ధ్వని పగిలినట్లే. పొంగి పొయ్యిలో పడిన పాలవలె అది తిరిగి రాదు. బ్లూటూత్ ఇయర్‌ఫోనులో శబ్దము ఆలస్యముగా చేరును గనుక తాళము తప్పును. తీగ గల ఇయర్‌ఫోనే వాడుడు.

ఇక ఉగాదినాడు జరిగినదేమి? మానవకర్ణము సుమారు 20 నుండి 20,000 హెర్ట్‌జుల వరకు వినగలదు. డోలకు ఎడమవైపు మ్రోత చాలవరకు 200 హెర్ట్‌జులకు క్రిందనుండును. ఫోనులోని చిన్న స్పీకరు దానిని సరిగా పలుకలేదు. పిల్లలు ఆ స్పీకరులోనే వినుచు, డోలకు చాలదనుకొని పెంచిరి. పెంచినను వినబడనందున మరల పెంచిరి. హాలులోని స్పీకరు దాచినదంతయు బయటపెట్టినది!

కాబట్టి మొదట అన్ని ట్రాకులను సున్నకు దించి, గాత్రమును పైకి తెచ్చి, దాని చుట్టును హార్మోనియమును, పిదప డోలకును చేర్చవలెను. తరువాత మొత్తము ధ్వనిని గుసగుసంతకు తగ్గించి వినుడు. అప్పుడును మాటలు తెలియుచున్నచో పాళ్లు కుదిరినట్లు. ఈ పరీక్షకు మించిన యంత్రమును మేమెరుగము.

పిమ్మట ఈక్వలైజరు. పిల్లల గాత్రమునకు 100 హెర్ట్‌జులకు క్రింద పనిలేదు. ఆ భాగమును కోసివేసిన గది ఘోష పోవును. హల్లుల స్పష్టత 2,000–5,000 హెర్ట్‌జుల నడుమ హెచ్చుగా నుండును. అచ్చట గాత్రమును పెంచుటకన్న హార్మోనియమును రెండు మూడు డెసిబెల్‌లు తగ్గించుట మేలు. కంప్రెసరు హెచ్చుతగ్గులను సర్దును: 3:1 నిష్పత్తి పెట్టిన, హద్దు దాటి 6 డెసిబెల్‌లు లేచిన గొంతు 2 మాత్రమే లేచును.

రివర్బు విషయమున పిల్లలకు మోజెక్కువ. బావిలోనుండి పాడినట్లున్న గొంతు వారికి సినిమా గొంతుగా తోచును. కాని ‘పాట’కును ‘బాట’కును గల భేదము క్షణకాలములో ముగియును, దానిపై ప్రతిధ్వని పేరుకొన్న రెండును ఒక్కటియే. తమిళ లిపిలో ఈ రెంటికి ఒకే అక్షరము. వీధిలో దినమంతయు ఆ లిపినే చదువు మన పిల్లలకు ఈ భేదము చెవిద్వారానే అందవలసియున్నది. కావున రివర్బు ఉన్నదో లేదో అన్నంతయే చాలును.

మాస్టరింగు వేరు పని. మిక్సింగు ముగించి, ఒక రాత్రి చెవులకు విశ్రాంతి నిచ్చి, పూర్తియైన ఒక్క ఫైలుపై దీనిని చేయవలెను. లిమిటరును మైనస్ 1 డెసిబెల్ వద్ద నిలుపుడు. సగటు బిగ్గరతనమునకు మైనస్ 14 ఎల్.యు.ఎఫ్.ఎస్. అనునది వాడుకలోని కొలత. అంతకు మించిన పాటను యూట్యూబ్ తానే తగ్గించి వినిపించును, అరచి లాభములేదు. బ్యాండ్‌ల్యాబ్‌లో మాస్టరింగు తనంతట జరుగు సౌకర్యమును కలదు. వాడి చూడవచ్చును, అయితే ముందు వెనుకల ధ్వనిని సమానము చేసి పోల్చుడు, ఏలయన బిగ్గరైనదెల్ల బాగున్నట్లే తోచును. చివరకు ఫోనులో, ఇయర్‌ఫోనులో, పెద్ద స్పీకరులో మూడుచోట్ల వినవలెను.

మొన్న పిల్లలు ఆ లాలిపాటను ఈ క్రమమున మరల మిక్సింగు చేసి అవ్వగారి యింటికి తీసికొనిపోయిరి. ఆమె కన్నులు మూసికొని కడవరకు వినిరి. “మూడవ చరణములో ‘గాలి’ అనవలసినచోట ‘కాలి’ అన్నారే!” అనిరి. ఉగాదినాడు ఆ తప్పు ఎవరికిని వినబడలేదు. వచ్చు శనివారము ఆ చరణమును తిరిగి రికార్డు చేయుదుము.