ఆదిలాబాదు సీమ: నేల, నీరు, జనము

తెలంగాణ పటమున ఉత్తరపు కొసయందున్నది పూర్వపు ఆదిలాబాదు జిల్లా. 2016 అక్టోబరు 11న అది ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కొమరంభీం ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలైనది. అయినను ఈ సీమను తెలిసికొనుటకు ఆ పాత హద్దులే మనకు అనుకూలము. ఏలయన వానిలో పెక్కింటిని గీసినవి నదులు. దక్షిణమున గోదావరి, ఉత్తరమున పెన్‌గంగ, ఈశాన్యమున వార్ధా. వార్ధా, వైన్‌గంగలు కలసి ప్రాణహితయై తూర్పు హద్దు వెంట పారి కాళేశ్వరము వద్ద గోదావరిని చేరును. నడుమ కొండలు, టేకు అడవులు, పత్తి పండు నల్లరేగడి.

2011 జనాభా లెక్కల ప్రకారము ఇచ్చటివారు 27 లక్షల 41 వేలమంది. అందు షెడ్యూల్డు తెగలవారు దాదాపు 5 లక్షలు: గోండులు, కోలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు, లంబాడీలు మున్నగువారు. తెలుగు, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, గోండీ, కోలామీ భాషలు ఈ సీమలో వినవచ్చును. కడపటి రెండును మన తెలుగువలెనే ద్రావిడ కుటుంబమునకు చెందినవని చాలమందికి తెలియదు.

1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు రాజురా, కిన్వట్ తాలూకాలును, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలును బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. నాందేడు జిల్లానుండి ముధోల్ ప్రాంతము ఇటు వచ్చినది. చుట్టరికములు మాత్రము తెగలేదు. పుష్య అమావాస్యనాడు కేస్లాపూరులో మెస్రం వంశీయులు జరుపు నాగోబా జాతరకు నేటికిని మహారాష్ట్రనుండి గోండులు వచ్చుచునే యున్నారు.

చిక్కెల్ల కెరమెరి మండలపు కొండలపైనున్నది. పరందోళి, అంతాపూర్ పంచాయతీలలోని గ్రామములను రెండు రాష్ట్రములవారును తమవే యనుచున్నారు. అచ్చట ఒకే ఊరికి ఇద్దరు సర్పంచులు, ఒకే ఇంట రెండు రేషను కార్డులు! వినుటకు లాభముగనే తోచును. కాని సాగుచేయు భూమికి పట్టా అడుగబోయిన రైతునకు ఆ రెండు కార్డులును అక్కరకు రాకున్నవి.

ఇట్టి సీమలో పంచాయతీ సభ్యుని పని తక్కినచోట్లకంటె కష్టము. షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదింపవలెననియు, ప్రణాళికలకు దాని ఆమోదము పొందవలెననియు 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. తెలుగులో చదివిన తీర్మానము గోండు, కోలాము స్త్రీలకు బోధపడనిచో, వారి వేలిముద్రలు ఎన్ని పడినను అది ఆమోదమగునా? కావున సభ్యులు రెండు భాషలెరిగినవారిని ముందుగనే చూచుకొని, తీర్మానమును సభలోనివారి భాషలో చెప్పించి, ప్రశ్నలడుగుటకు వ్యవధి యిచ్చి, ఆ పిదపనే పుస్తకమును సంతకములకు త్రిప్పవలెనని మా మనవి.