అక్షరానికి ఆమోద ముద్ర: యూనికోడ్ విడుదలలు గాడిన పడిన తీరు

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ప్రాంతం పర్సుడీహ్. ఉక్కు కర్మాగారంలో, రైల్వేలో పనుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా ఉన్నాయి. ఈ ప్రాంతంలో సంతాలీ, హో భాషలు మాట్లాడేవారూ ఎక్కువే. ఈ మూడు భాషల్లో ఎవరు తమ లిపిలో సందేశం పంపాలన్నా, ముందుగా ఆ అక్షరాలకు యూనికోడ్‌లో చోటు దక్కాలి.

యూనికోడ్ ఒక స్పెసిఫికేషన్. అంటే ప్రోగ్రామ్ కాదు, ప్రోగ్రామ్‌లన్నీ పాటించాల్సిన నియమాల పత్రం. అందులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగు ‘అ’ సంఖ్య 3077. ఐసీయూ వంటి ఓపెన్ సోర్స్ లైబ్రరీలు ఈ నియమాలను అమలు చేస్తాయి. కొత్త అక్షరం స్పెసిఫికేషన్‌లో విడుదలయ్యాకే లైబ్రరీలు, ఫాంట్లు, కీబోర్డులు దాన్ని ధైర్యంగా చేర్చుకోగలవు.

ఆమోదానికి అంత సమయం ఎందుకు?

ఎవరైనా ఒక అక్షరాన్ని ప్రతిపాదిస్తే, అది వాడుకలో ఉందనడానికి పుస్తకాలు, శాసనాల ఆధారాలు చూపాలి. లిపి నిపుణులు వాటిని పరిశీలిస్తారు. ఏడాదికి నాలుగుసార్లు సమావేశమయ్యే సాంకేతిక కమిటీ నిర్ణయం తీసుకుంటుంది. దీనికి జోడీగా నడిచే ఐఎస్ఓ 10646 ప్రమాణం విషయంలో దేశాల ప్రమాణ సంస్థలు ఓటు వేస్తాయి.

ఇంత జాగ్రత్తకు కారణం ఉంది. మామూలు సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడితే మరుసటి వారమే సవరించవచ్చు. యూనికోడ్‌లో ఒకసారి విడుదలైన అక్షరాన్ని తొలగించరు, పేరు కూడా మార్చరు. మారిస్తే అప్పటికే దాచుకున్న ఫైళ్లు చెడిపోతాయి, పాత ప్రోగ్రామ్‌లు తడబడతాయి. 2005లో విడుదలైన ఒక బ్రాకెట్ గుర్తు అధికారిక పేరులో రెండు ఇంగ్లిష్ అక్షరాలు తారుమారయ్యాయి. ఆ తప్పు నేటికీ అలాగే ఉంది. సరైన పేరును పక్కన మారుపేరుగా మాత్రమే చేర్చారు.

తేదీ ముందు, జాబితా తరువాత

ఒకప్పుడు విడుదలకు నిర్ణీత కాలం లేదు. 2006 జులైలో 5.0 వస్తే, 5.1 కోసం 2008 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. సంతాలీ రాసే ఓల్ చికీ లిపి, ‘ౘలి’, ‘ౙడ’ పదాల్లోని ౘ, ౙ అక్షరాలు ఆ 5.1లోనే వచ్చాయి. 2014లో వచ్చిన 7.0 హో భాషకు వారంగ్ చితి లిపిని, తెలుగుకు ప్రాచీన అక్షరం ఴ ను చేర్చింది.

ఆ 7.0 నుంచే దాదాపు ఏడాదికో విడుదల పద్ధతి స్థిరపడింది. ఇది రైలు టైంటేబుల్ లాంటిది. సిద్ధమైన అక్షరాలు ఎక్కుతాయి, మిగిలినవి తరువాతి బండికి ఆగుతాయి. ఒక్క ప్రతిపాదనపై వివాదం నడుస్తుంటే మిగతావన్నీ నిలిచిపోనక్కర్లేదు. గడువు తరుముతోందని అరకొర పరిశీలనతో ఏదీ ఎక్కించనక్కర్లేదు. తనిఖీలు తగ్గలేదు, వాటి కోసం వేచిచూసే అనిశ్చితి తగ్గింది.

టైంటేబుల్ తప్పినప్పుడు దాని విలువ తెలిసింది. కోవిడ్ కారణంగా 14.0 విడుదల 2021 మార్చి నుంచి సెప్టెంబరుకు వాయిదా పడింది. పాత తెలుగు గ్రంథాల్లో పొల్లు ‘న్’కు వాడిన ప్రత్యేక రూపం ‘నకార పొల్లు’, సంఖ్య 3165, అందులోనే వచ్చింది. ఆ గ్రంథాలను ఉన్నది ఉన్నట్టు డిజిటల్ రూపంలోకి మార్చాలనుకునేవారికి ఆరు నెలల నిరీక్షణ అదనమైంది. తరువాతి విడుదలలు మాత్రం ఏటా సెప్టెంబరులోనే వస్తున్నాయి.

ప్రతి విడుదలకు ముందు బీటా ప్రతిని అందరి పరిశీలనకూ ఉంచుతారు. ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. తెలుగు అక్షరం ఆకారంలోనో, పేరులోనో పొరపాటు ఉంటే పట్టుకోవాల్సిన సమయం అదే. విడుదలయ్యాక పేరును దిద్దే దారి మూసుకుపోతుంది.