కాగితం అడుగు

బొబ్బిలి,
2025 ఆగస్టు.

చిరంజీవి సురేష్‌కు, పెద్దమావయ్య ఆశీస్సులు.

నీకు విశాఖలో కేబుల్ కంపెనీ కంట్రోల్ రూంలో ఉద్యోగం వచ్చిందని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మీ నాన్న ఈ ఊళ్లో డాబాల మీంచి వైర్లు లాగి, నెలనెలా గడపగడపకీ తిరిగి డబ్బులు వసూలు చేసి మిమ్మల్ని పెంచాడు. ఆ వైరు ఎక్కడ మొదలవుతుందో అక్కడికి నువ్వు చేరావు.

అయితే మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "పైనుంచి ఫలానా చానల్ ఆపమంటే ఆపేస్తాం మావయ్యా, మనకేటి రాజకీయాలు" అన్నావు. దానికి ఫోన్లో చెప్పే జవాబు సరిపోదు. సోషల్ మేష్టారుగా పనిచేసినవాణ్ణి, మొదటి నుంచీ చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. కాస్త ఓపిక పట్టి చదువు.

మన వీధిలో సాయంత్రం ఏడు గంటలకు నడిచి వెళ్తే, ఏ ఇంట్లో ఏ చానల్ మోగుతోందో దాన్ని బట్టి ఆ ఇంటివాళ్లు ఓటెవరికి వేశారో చెప్పేయొచ్చు. సాక్షి పెట్టే ఇంట్లో ఏబీఎన్ పెట్టరు. ఒకరిది పచ్చ మీడియా అంటారు, ఇంకొకరిది నీలి మీడియా అంటారు. ఇదంతా ఊరికే వచ్చిన పేరు కాదు. 1982లో ఎన్టీ రామారావు గారు తెలుగుదేశం పార్టీ పెట్టినప్పుడు 'ఈనాడు' ఎంత అండగా నిలబడిందో మా తరం కళ్లారా చూసింది. సాక్షి పత్రిక 2008లో, సాక్షి టీవీ 2009లో వచ్చాయి. అవి జగన్‌మోహన్ రెడ్డి కుటుంబానివి. 2009లోనే వచ్చిన ఏబీఎన్ ఎవరి మీద కత్తి నూరుతుందో దాన్ని చూసేవాళ్లకూ తెలుసు, చూడనివాళ్లకూ తెలుసు. ముఖ్యమంత్రిగా ఉండగా జగన్ బహిరంగ సభల్లోనే ఈనాడు, ఆంధ్రజ్యోతి, టీవీ5లను చంద్రబాబుతో కలిపి 'దుష్టచతుష్టయం' అని తిట్టేవారు.

పార్టీకి పత్రిక ఉండడమే పాపమని నేననను. మన బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు గారు 1932 నుంచి మద్రాసు ప్రభుత్వానికి ప్రధానమంత్రి. ఆయన నడిపిన పార్టీకి జస్టిస్ పార్టీ అనే పేరు ఎలా వచ్చిందో తెలుసా? ఆ పార్టీ 1917లో పెట్టుకున్న ఇంగ్లీషు పత్రిక పేరు 'జస్టిస్'. అసలు పేరు జనం మరిచిపోయారు, పత్రిక పేరే పార్టీకి స్థిరపడింది. తెలుగులో 'ఆంధ్రప్రకాశిక' వాళ్లదే. ఆ పత్రిక చేతిలోకి తీసుకున్న ప్రతివాడికీ అది ఎవరిదో తెలుసు. అంత పత్రిక బలం, అంత పదవీ ఉండి కూడా 1937 ఎన్నికల్లో రాజా వారు ఇక్కడే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఈ ఊరి ఓటరుకు రెండు పక్షాల మాటా విని తేల్చుకునే తెలివి ఎప్పటి నుంచో ఉంది. ఆ రెండో పక్షం మాట వినబడకుండా చేస్తే ఆ తెలివి దేనికి పనికొస్తుంది?

చానళ్లు చేసే తప్పులు చిన్నవి కావు. 2010 జనవరిలో, రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ ప్రమాదం వెనక అంబానీలున్నారని ఎక్కడో రష్యా వెబ్‌సైటులో వచ్చిన రాతను టీవీ5 పట్టుకొచ్చి వేసింది, మరికొన్ని చానళ్లు అందుకున్నాయి. ఆ రాత్రి రాష్ట్రమంతటా రిలయన్స్ దుకాణాల మీద, బంకుల మీద రాళ్లు పడ్డాయి. రుజువు లేని ఒక మాట అంత పని చేసింది. ఇక ఈ జూన్‌లో సాక్షి చర్చలో అమరావతి మహిళల గురించి ఒక పాత్రికేయుడు అన్న మాట నోటితో చెప్పదగింది కాదు. ఇలాంటివాటిని నేను వెనకేసుకురాను. కానీ వాటికి దారులున్నాయి. 2021లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చి ఫిర్యాదుకు మూడు మెట్లు పెట్టారు: ముందు చానల్‌కు, తర్వాత చానళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు, ఆపైన కేంద్రానికి. పరువునష్టం దావా ఉంది, క్రిమినల్ చట్టం ఉంది. వీటిలో ఏ దారిన వెళ్లినా ఫిర్యాదు చేసినవాడి సంతకం ఉంటుంది. నీ కంట్రోల్ రూంకు వచ్చే ఫోనుకు సంతకం ఉండదు. నేను చెప్పదలచుకున్నది అదే.

వరసగా చూడు. 2014 జూన్ 16న తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ రెండూ కేబుల్‌లో ఆగిపోయాయి. కొత్త రాష్ట్రం ఎమ్మెల్యేలను టీవీ9 ఒక కార్యక్రమంలో కించపరిచిందన్నది గొడవ. ఆపింది ఎమ్మెస్వోలు, అంటే మీలాంటి పెద్ద కేబుల్ కంపెనీలు, మాకు సంబంధం లేదన్నది ప్రభుత్వం. ఆ సెప్టెంబరులో వరంగల్లు కాళోజీ శతజయంతి సభలో ముఖ్యమంత్రి కేసీఆర్ మాత్రం, తెలంగాణను అవమానించే చానళ్లను పది కిలోమీటర్ల లోతున పాతిపెడతామన్నారు. టీవీ9 కొన్ని నెలలకు తిరిగొచ్చింది. ఏబీఎన్‌కు అంతకన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది.

2016 జూన్‌లో మన వంతు. కాపు ఉద్యమ నేత ముద్రగడ పద్మనాభం కిర్లంపూడిలో దీక్షకు కూర్చోగానే ఆంధ్రలో సాక్షి టీవీ మాయమైంది. శాంతిభద్రతల కోసమని అప్పటి హోంమంత్రి చినరాజప్ప చెప్పారు. పది రోజులకు పైగా చాలా ఊళ్లలో ఆ బొమ్మ రాలేదు. 2019లో ప్రభుత్వం మారింది, ఆగే చానల్ మారింది. ఈసారి టీవీ5, ఏబీఎన్. ప్రభుత్వ సంస్థ అయిన ఫైబర్‌నెట్‌లో కూడా టీవీ5 రాకపోతే వాళ్లు ఢిల్లీలో టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్లి ఉత్తర్వులు తెచ్చుకోవలసి వచ్చింది. అదే ఏడు డిసెంబరులో శాసనసభలోకి ఈటీవీ, ఏబీఎన్, టీవీ5లను రానివ్వలేదు. అప్పటి స్పీకర్ మన పక్క ఆమదాలవలస తమ్మినేని సీతారాం గారే. 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారింది. అప్పుడు సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ పోయాయి. టీవీ9ను తిరిగి ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు పదిహేను మంది ఎమ్మెస్వోలను ఆదేశించింది.

ఇన్నిసార్లు తెర మీద బొమ్మ పోయింది కదా, ఫలానా అధికారి ఫలానా కారణంతో ఆపించాడన్న ఉత్తర్వు చూసేవాడి ముందు ఒక్కసారైనా పెట్టారా? అడిగినవాళ్లకు దొరికిన జవాబు "టెక్నికల్ ప్రాబ్లం". మీ నాన్న ఆ మాట చెప్పలేక ఫోన్ పక్కన పడేసిన రోజులు నాకు తెలుసు. పార్వతీపురం నుంచి రాజాం దాకా ఒకే చానల్‌కు ఒకే రోజు ఒకే టెక్నికల్ ప్రాబ్లం వస్తుందా?

కాగితం ఉంటే ఏమవుతుందో కూడా చూడు. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో రాసినదానికి రాజద్రోహం కింద మూడేళ్లు జైలుకెళ్లారు. తెల్లవాడి ప్రభుత్వం కూడా 124-ఏ అని సెక్షన్ రాసి, జడ్జి ముందు నిలబెట్టి, తీర్పు రాసి పంపింది. అది అన్యాయం. కానీ ఆ అన్యాయం ఎవరిదో అందరికీ తెలుసు. నూట పదమూడేళ్ల తర్వాత 2021 మే 14న మన సీఐడీ ఎంపీ రఘురామకృష్ణరాజుతో పాటు టీవీ5, ఏబీఎన్‌ల మీద అదే 124-ఏ పెట్టింది. కేసు కాగితం మీద ఉంది కాబట్టి మే 31 నాటికి సుప్రీంకోర్టు ఆ చానళ్ల మీద కఠిన చర్యలొద్దని ఆపగలిగింది. మరుసటి ఏడు ఆ సెక్షన్‌నే పక్కన పెట్టించింది. ఈ జూన్‌లో, నేను పైన చెప్పిన సాక్షి చర్చ నడిపిన కొమ్మినేని శ్రీనివాసరావును 9న అరెస్టు చేశారు, 13న సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. నాలుగు రోజులు. ఏబీఎన్‌కు తెలంగాణలో ఎన్ని నెలలు పట్టిందో దీని పక్కన పెట్టి చూడు.

జీవోలదీ అంతే. 2007 ఫిబ్రవరిలో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం పత్రికల మీద కేసులు పెట్టడానికి 938 జీవో తెచ్చింది, 2019 అక్టోబరులో ఆయన కుమారుడి ప్రభుత్వం 2430 తెచ్చింది. రెండూ చెడ్డవే. అయినా వాటికి నంబరుంది గనుక పాత్రికేయులు రోడ్డెక్కి ఆ నంబరు పేరుతోనే రద్దు అడిగారు. కేరళ మీడియావన్ చానల్‌కు కేంద్రం అనుమతి నిరాకరించి కారణాలు సీల్డు కవర్లో కోర్టుకిస్తే, 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చానల్‌కు చెప్పకుండా కారణం దాచడం న్యాయం కాదంది, ప్రభుత్వాన్ని విమర్శించడం దేశానికి ఎదురు తిరగడం కాదంది. దాచిన కారణాన్నే కోర్టు ఒప్పుకోలేదంటే, అసలు కారణమే రాయని ఫోన్ కాల్ సంగతి ఏమనాలి?

మన జనం తప్పు కూడా చెప్పాలి. సాక్షి ఆగినప్పుడు నవ్విన ఇళ్లు టీవీ5 ఆగినప్పుడు ప్రజాస్వామ్యం పోయిందన్నాయి. టీవీ5 ఆగినప్పుడు "తగిన శాస్తి" అన్న ఇళ్లు 2024లో పత్రికా స్వేచ్ఛ గురించి మాట్లాడాయి. ఏ పార్టీ అయినా ఈ పని ఇంత ధైర్యంగా చేస్తోందంటే, సగం ఊరు చప్పట్లు కొడుతుందని దానికి తెలుసు. అవతలివాడి చానల్ ఆగినప్పుడు వీధిలో ఒక్కడు లేచి "ఇది తప్పు" అన్నా నాకు గర్వంగా ఉండేది. అలా అన్నవాణ్ణి నేను చూడలేదు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

ఇక నీ సంగతి. చెరువు తూము దగ్గర కూర్చున్నవాడు నాకు నీళ్లతో పని లేదంటే ఎలా? కంపెనీతో పోట్లాడమని నేననడం లేదు. ఆపమన్నది ఎవరో రాసి పెట్టుకోమంటున్నాను. కేబుల్ టీవీ చట్టం 1995 నాటిది. 19వ సెక్షన్ ప్రకారం చానల్ ఆపమనే అధికారం కలెక్టర్, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్, పోలీసు కమిషనర్ లాంటి అధికారులకు ఉంది, అదీ కారణం చూపించి ఉత్తర్వు ఇచ్చి. ఎమ్మెస్వో తనంతట తాను ఆపాలన్నా ముందు చానల్‌కు మూడు వారాల నోటీసివ్వాలని ట్రాయ్ నియమం. 20వ సెక్షన్ కింద కేంద్రానికీ ఆ అధికారం ఉంది, అదీ ఉత్తర్వుతోనే. ఫోన్లో ఆపమనే దారి చట్టంలో లేదు.

కాబట్టి ఎవరైనా ఆపమంటే "సార్, ఒక మెయిల్ పెట్టండి" అని మర్యాదగా అడుగు. పెట్టకపోతే ఎవరు చెప్పారో, ఏ తేదీన, ఎన్ని గంటలకో మీ లాగ్ బుక్కులో రాయి. అది సాక్షి అయినా ఏబీఎన్ అయినా ఒకే అక్షరాలతో రాయి. ఊళ్ల నుంచి మీ నాన్న లాంటి ఆపరేటర్లు ఫోన్ చేస్తే టెక్నికల్ ప్రాబ్లం అని మాత్రం చెప్పకు. "ఆపమన్నారు, ఆపాం" అని చెప్పు. నీ ఉద్యోగానికి ఇబ్బంది వస్తుందనుకుంటే ముందు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

ఇట్లు,
నీ పెద్దమావయ్య