నేపియర్ గడ్డిని ఎన్నో రోజున కోయాలి?

పచ్చిమేత కడుపు నిండా వేస్తున్నా పాలు పెరగడం లేదని పలువురు సభ్యులు అంటుంటారు. ఎంత గడ్డి వేశారని కాక, ఎన్ని రోజుల గడ్డి వేశారని మేము అడుగుతాము.

పచ్చిగడ్డిలో సుమారు 80 శాతం నీరే. గేదెకు 30 కిలోలు వేస్తే దానికి దక్కే ఎండు పదార్థం 6 కిలోలే. ఆ 6 కిలోలలో ఎంత జీర్ణమవుతుందన్నదే అసలు విషయం. గడ్డి ముదిరినకొద్దీ ఆకు తగ్గి కాడ పెరుగుతుంది. కాడలో లిగ్నిన్ అనే చెక్కవంటి పదార్థం చేరుతుంది. పశువు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు పీచును అరిగించగలవు గాని లిగ్నిన్‌ను అరిగించలేవు. పైగా అది పీచును కూడా వాటికి అందనీయదు. అరగని మేత పొట్టలో నిలిచిపోతుంది కనుక పశువు మరి ముట్టదు. చూసేవారికి కడుపు నిండినట్లే ఉంటుంది. ఎండు పదార్థంలో మాంసకృత్తులు 7 శాతం కంటే తగ్గితే ఆ సూక్ష్మజీవులకే తిండి చాలదు. ఆ లోటును దాణాతో పూడ్చాలంటే పాల డబ్బు దాణా కొట్టుకే పోతుంది.

నాటిన 60-70 రోజులకు మొదటి కోత, ఆపై 40-45 రోజులకొక కోత తీయాలి. మొదలు దగ్గర నాలుగైదు అంగుళాలు వదలాలి. నేలను ఆరు మడులు చేసి వారానికొక మడి కోసుకుంటే 42 రోజులకు మొదటి మడి మళ్ళీ అందుతుంది. నిలువెత్తు దాటిన గడ్డిని చూసి మురిసిపోవడం మనవారికి అలవాటు. ముదురు గడ్డిని ముక్కలు చేస్తే వృథా తగ్గుతుందే గాని లిగ్నిన్ ఎక్కడికీ పోదు.

అలాగని మరీ లేతగా కోయరాదు. దిగుబడి పోతుంది, దుబ్బు నీరసిస్తుంది. లేత నేపియర్‌లో ఆక్సలేటు హెచ్చు. అది సున్నాన్ని పశువుకు అందకుండా పట్టివేస్తుంది. అందుచేత మూడింట ఒక వంతు అలసంద గాని లూసర్న్ గాని కలపండి, ఖనిజ లవణ మిశ్రమం మానకండి.

ఈ లెక్క జొన్నకు పనికిరాదు. లేత జొన్నలో, ముఖ్యంగా బెట్టకు వాడిన పైరులోను, కోత తరువాత వచ్చిన పిలకలలోను నాము ఉంటుంది. అది సైనైడు విషం. పూతకు రాకముందు జొన్న మేపకండి, కోసిన చేలోకి గొడ్లను తోలకండి. మేసిన పశువు ఆయాసపడుతూ తూలితే క్షణం ఆలస్యం చేయక పశువైద్యుని పిలిపించండి. థయోసల్ఫేటు ఇంజెక్షను వెంటనే పడితే బ్రతికే అవకాశం ఉంది.