రేడియో విమానం: ప్లానులో కనిపించని బరువు

గాలిలో తిరిగే చిన్న విమానం, నేలమీద నిలబడ్డవాడి చేతిలోని పెట్టె చెప్పినట్టల్లా వింటుంటే ముచ్చటపడని విద్యార్థి ఉండడు. వెంటనే మనమూ ఒకటి కడదాం అంటాడు. నలుగురు కూడతారు, చందాలు వేసుకుంటారు, రేడియో పెట్టె కొంటారు, ప్లాను కాగితం బల్లమీద పరుస్తారు. మూడు నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున్న, మైదానంలో ఆ విమానం బతుకు పది సెకన్లలో తేలిపోతుంది. ఆ పది సెకన్ల ఫలితం చాలావరకు నెలల క్రితమే, వర్క్‌షాపు బల్లమీద ఎవరు ఏ కర్ర ఎక్కడ వాడారన్న దగ్గరే నిర్ణయమైపోతుంది. అందుచేత ఈ వ్యాసంలో ఎగరెయ్యడం గురించి తక్కువా, తూచడం గురించి ఎక్కువా చెబుతాను.

రేడియోతో బొమ్మ విమానాలు నడపడం పాత విద్యే. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కాలమజూలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో తమ 'బిగ్ గఫ్' విమానాన్ని రేడియోతో నడిపారు. ఇప్పుడది స్మిత్సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. మన దగ్గర ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగు ఒక భాగం కాబట్టి, కొందరు విద్యార్థి మిత్రులకు బాల్సా కర్ర వాసన ఇప్పటికే తెలిసి ఉంటుంది.

మొదటి విమానానికి ప్లాను ఎంచుకోమంటే చాలామంది చూపు యుద్ధవిమానం బొమ్మ మీదికి పోతుంది. వద్దు. రెక్క పైన కూర్చుని, దాని కొసలు కాస్త పైకి లేచి, తోక పెద్దదిగా ఉన్న ప్లాను కావాలి. ఇంగ్లండులో కీల్‌క్రాఫ్ట్ కంపెనీ 1946లో తెచ్చిన 'జూనియర్ 60' ఇందుకు మంచి ఉదాహరణ. ఆల్బర్ట్ హాట్‌ఫుల్ గీసిన ప్లాను అది. రెక్క ఈ కొసనుంచి ఆ కొసకు 60 అంగుళాలు. నిజానికి అది రేడియో కోసం పుట్టింది కాదు. ఇంజను ఆగాక ఎవరి సాయమూ లేకుండా తేలుతూ దిగిరావలసిన విమానం. ఆ నిలకడ ఉంది కాబట్టే తర్వాత రేడియోవాళ్లు దాన్ని వదల్లేదు. నేర్చుకునేవాడు కంగారుపడి చెయ్యి వదిలేసినా, అది తనంతట తాను సర్దుకుంటుంది.

ప్లాను చేతికి రాగానే కత్తి తీయకండి. ముందు స్కేలు తీయండి. జిరాక్సులో కాగితం ఒక దిక్కున కాస్త సాగడం మామూలే. పొడవులోనూ అడ్డంలోనూ కొలిచి, ప్లానులో రాసిన కొలతతో సరిపోయిందో లేదో చూడాలి. ఇక చాలా ప్లానుల్లో రెక్క సగమే గీసి ఉంటుంది. రెండో సగానికి కాగితం తిరగేసి నూనె రాస్తే గీతలు వెనక్కి కనిపిస్తాయి. ఈ సంగతి మరిచి రెండూ ఎడమ రెక్కలే కట్టుకున్న జట్ల కథలు మోడలింగు లోకంలో కొల్లలు. ప్లాను మీద సెల్లోఫేను కాగితం పరిచి, దాని మీద కర్రలు గుండుసూదులతో నిలిపి, జిగురు పెట్టి, పూర్తిగా ఆరనిచ్చాకే తియ్యాలి. కింద బల్ల వంకరగా ఉంటే రెక్కా వంకరే. పైన ఎంత అందమైన రంగు కాగితం అంటించినా ఆ వంకర పోదు.

ప్లాను మీద వంద గీతలుంటాయి. వాటి మధ్య, రెక్క కింద ఎక్కడో, ఒక చిన్న వృత్తం ఉంటుంది. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండింటికి నలుపు పూసి ఉంటారు. గరిమనాభి అక్కడ ఉండాలని దాని అర్థం. రెక్క వెడల్పు 25 సెంటీమీటర్లనుకుంటే, ఇలాంటి నేర్చుకునే విమానాల్లో అది సుమారుగా ముందంచునుంచి ఆరుంపావు, ఏడున్నర సెంటీమీటర్ల మధ్య పడుతుంది. మిగతా గీతల్లో మిల్లీమీటరు అటూ ఇటూ అయినా విమానం క్షమిస్తుంది. ఈ గుర్తు విషయంలో క్షమించదు. గరిమనాభి ముందుకు జరిగితే విమానం బద్ధకంగా, తల దించుకుని ఎగురుతుంది. అంతేగాని ఎగురుతుంది. వెనక్కి జరిగితే మాత్రం ఎలివేటరు కాస్త కదిపినా ముక్కు మితిమీరి లేస్తుంది, వేగం పడిపోతుంది, రెక్క ఒరుగుతుంది. సర్దే లోపల నేల వస్తుంది.

ఇక్కడే ప్లాను మనకు చెప్పని సంగతి ఒకటుంది. అది కర్ర మందం చెబుతుంది, బరువు చెప్పదు. బాల్సా కర్ర ఈక్వడార్ లాంటి దేశాలనుంచి వస్తుంది. ఒకే చెట్టు జాతి అయినా ఒక పలకకూ మరో పలకకూ సాంద్రతలో రెట్టింపు తేడా ఉండవచ్చు. మీటరు పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక ఘనపరిమాణం 300 ఘన సెంటీమీటర్లు. ఘన సెంటీమీటరుకు 0.1 గ్రాము తూగే మెత్తని పలక అయితే 30 గ్రాములు. 0.2 తూగే గట్టి పలక అయితే 60. రెండూ చూడ్డానికి ఒక్కలాగే తెల్లగా ఉంటాయి. (మన కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి కూడా తేలిక కర్రే కదా అని అడుగుతారు. బొమ్మకు సరిపోయిన తేలిక విమానం తోకకు సరిపోదు.) కాబట్టి ప్రతి పలకనూ తూచి, బరువును పెన్సిలుతో దాని మీదే రాయండి. గట్టివి రెక్క దూలాలకు, మెత్తనివి తోకకు.

తోక మీద ఇంత పట్టుదల దేనికంటారా? కావడి గుర్తు తెచ్చుకోండి. కర్ర పొడుగున్న వైపు చిన్న కుండ చాలు, పొట్టిగా ఉన్న వైపు పెద్ద కుండ కావాలి. మన విమానంలో తోక గరిమనాభికి 75 సెంటీమీటర్లు వెనక ఉందనీ, ముక్కు 25 సెంటీమీటర్లు ముందుందనీ అనుకుందాం. తోకలో 10 గ్రాములు ఎక్కువైతే భ్రామకం 750. దాన్ని సరిచెయ్యాలంటే ముక్కులో 30 గ్రాముల సీసం పెట్టాలి. అంటే తోక దగ్గర పది గ్రాముల నిర్లక్ష్యానికి విమానం మోసే శిక్ష 40 గ్రాములన్నమాట. ఫస్టియరు మెకానిక్సులో ఈ లెక్క అందరూ చేసి మార్కులు తెచ్చుకున్నవారే. జిగురు డబ్బా చేతిలో ఉన్నప్పుడు మాత్రం అది గుర్తుకు రాదు.

బరువు పెరిగితే ఏమవుతుందో కూడా చూద్దాం. రెక్క 150 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు. మొత్తం బరువు కిలోన్నర అయితే, పడిపోకుండా నిలవడానికి కావలసిన కనీస వేగం రమారమి గంటకు 26 కిలోమీటర్లు. రెండు కిలోలైతే 30. నాలుగు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ కనీస వేగం బరువు వర్గమూలంతో పెరుగుతుంది, గతిజ శక్తి బరువునూ వేగం వర్గాన్నీ బట్టి ఉంటుంది. రెండూ కలిపితే నేలను తాకేటప్పటి శక్తి బరువు వర్గంతో పెరుగుతుంది. బరువు మూడో వంతు పెరిగితే దెబ్బ దాదాపు 1.8 రెట్లు! చక్రాలు వంగడానికీ, ముక్కు పగలడానికీ మధ్య తేడా అంతే.

పాత ప్లానులు కట్టేవారికి ఇంకో చిక్కు. 1946 నాటి ప్లాను గీసినవాడు ఆనాటి బరువైన ఇంజను ముక్కులో ఉంటుందని లెక్క వేసుకున్నాడు. మనం పెట్టే బ్రష్‌లెస్ మోటారు దానికన్నా తేలిక. తేలికైన మోటారు వేశాం, మంచిదే కదా అని సంబరపడితే గరిమనాభి వెనక్కి పోయి కూర్చుంటుంది. దీనికి విరుగుడు లిథియం పాలిమర్ బ్యాటరీ. ఎలాగూ మోయక తప్పని బరువు కనుక దాన్ని వీలైనంత ముందుకు, మోటారు వెనకాలే, పెట్టాలి. అందుకని బ్యాటరీ పెట్టె, సర్వోల పీట ముందే జిగురుతో బిగించెయ్యకండి. పైతొడుగు అంటించి, తోక బిగించి, అంతా అయ్యాక విమానాన్ని రెక్క కింద రెండు వేళ్లమీద నిలిపి చూసి, అప్పుడు వాటి చోటు నిర్ణయించండి. అప్పటికీ చాలకపోతే సీసమే గతి. నెలల తరబడి గ్రాము గ్రాము తగ్గించినవాడికి చివర్లో సీసం పెట్టాలంటే ప్రాణం ఒప్పదు. "ముప్పై గ్రాములకేం అవుతుందిలే, ముందు ఎగరేద్దాం" అనే గొంతు ప్రతి జట్టులోనూ ఒకటుంటుంది. ఆ రోజుకు ఆ మిత్రుణ్ణి ఫోటోలు తీసే పనిలో పెట్టండి.

రేడియో సంగతి క్లుప్తంగా. వెనకటి సెట్లు 27, 35, 72 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పనిచేసేవి. ఒకే క్రిస్టలు ఇద్దరి దగ్గర ఉంటే ఒకరు స్విచ్చి వెయ్యగానే రెండోవాడి విమానం నేలపాలు. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లతో ఆ బెడద దాదాపు పోయింది. సర్వోకు వెళ్లే ఆజ్ఞ ఒక చిన్న విద్యుత్ స్పందన. అది 1.5 మిల్లీసెకన్లుంటే మధ్యలో, 1 అయితే ఒక కొసకు, 2 అయితే రెండో కొసకు. ఇవన్నీ సరిచూసేటప్పుడు ప్రొపెల్లరు తీసేసి ఉండాలి. ఎలక్ట్రిక్ మోటారు చప్పుడు లేకుండా నిలబడి ఉంటుంది, చెయ్యి తగిలిన క్షణంలో తిరగగలదు. విమానం వెనక నిలబడి, కర్ర కుడికి తోస్తే చుక్కాని కుడికి తిరుగుతోందా, వెనక్కి లాగితే ఎలివేటరు పైకి లేస్తోందా అన్నది ఒకరు చెయ్యాలి, ఇంకొకరు చూడాలి. సిగ్నలు తెగితే మోటారు ఆగిపోయేటట్టు పెట్టుకోవడం కూడా ఇప్పుడే.

మైదానం ఎంపికలో చట్టం కూడా ఉంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం చదువు, పరిశోధన, వినోదం కోసం కంటికి కనిపించే దూరంలోనే నడిపే, 25 కిలోలు మించని విమానాలు 'మోడల్' కిందికి వస్తాయి. పౌర విమానయాన శాఖ పటంలో ఎర్రరంగు పడిన చోట అనుమతి లేకుండా ఎగరెయ్యకూడదు. కాలేజీ గ్రౌండు మనదే కదా అనుకోకుండా పటం చూసుకోవాలి. జనం అందరూ పైలట్ వెనక్కే ఉండాలి, సూర్యుడూ వెనకే ఉండాలి. గాలికి ఎదురుగా వదలాలి. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు ఏ రెక్క కిందికి దిగితే కర్రను ఆ వైపుకే తోయండి, సరిపోతుంది.

ఎంత జాగ్రత్తపడినా మొదటి నెలలో తోకో ముక్కో విరుగుతుంది. విరిగిన తోకకు బోలెడు ఎపాక్సీ పూసి గట్టిగా అతికించామని చేతులు దులుపుకుంటారు. ఆ ఎపాక్సీ 6 గ్రాములుంటే ముక్కుకు 18 గ్రాములు బాకీ పడ్డట్టే. తెల్ల జిగురుతో, సన్నని బాల్సా ముక్క ఆసరాగా పెట్టి అతికించి, మళ్లీ వేళ్లమీద నిలిపి చూశాకే మైదానానికి తీసుకెళ్లండి. ప్లాను కాగితం కూడా పారెయ్యకండి. మరమ్మతు రోజున దాని అవసరం మళ్లీ పడుతుంది.