ఇంటికారు వేడెక్కినపుడు

మన దేశమున మధ్యతరగతి కుటుంబములకు కారు అందుబాటులోనికి వచ్చుట 1983వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన మారుతీ 800 విడుదలయగుటతో ఆరంభమయ్యెనని చెప్పవచ్చును. మూడు సిలిండరులు, 796 ఘనసెంటీమీటర్ల ఇంజను, పండ్రెండంగుళముల చక్రములు, గాజుతోకూడ పైకి లేచు వెనుక తలుపు, ఇంతియే దాని స్వరూపము. 2014వ సంవత్సరము జనవరిలో దాని నిర్మాణము నిలిచిపోయినది. ఐనను చేతులు మాఱి మాఱి ఉపాధ్యాయుల యిండ్లకును, చిన్నవర్తకుల యిండ్లకును చేరిన బండ్లు నేటికిని దారులలో కనిపించుచున్నవి. దాని తరువాత వచ్చిన ఆల్టో, శాంట్రో, ఇండికా మొదలగు చిన్నకార్లయందును ఇంజనును చల్లబఱచు నమరిక ఇంచుమించుగా నట్టిదే. కాబట్టి ఇచట చెప్పబోవు విషయములలో ముఖ్యమైనవి వానికన్నిటికిని చెల్లును.

కారు చెడినపుడు మెకానిక్కు నాశ్రయించుట తప్పు గాదు. కాని మెకానిక్కు దొఱకులోపల, నడిబాటలో, పిల్లలును పెద్దలును బండిలో నుండగా, తోలువాడు చేయు పనినిబట్టి మేలుగాని కీడుగాని కలుగును. చిన్న రబ్బరు గొట్టముతో తీఱవలసిన లోపము ఇంజనునే విప్పింపవలసిన ఖర్చుగా మాఱుటయు, ఒకని ముఖమును చేతులును కాలుటయు ఆ కొద్ది నిమిషములలోనే జరుగును. రెంటచింతల, రామగుండము మొదలగు తావుల యెండ నెఱిగినవారికి, మే నెలలో బానెట్టు లేపి ఆవిరి చిమ్ముచు దారిప్రక్కన నిలిచిన బండి క్రొత్త దృశ్యము కాదు. అందుచే ఈ వ్యాసములో వేడిమిని గూర్చియే విశేషముగా వ్రాయుచున్నాను.

ఇంజనులో పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో సుమారు మూడవ వంతో, అంతకు తక్కువయో మాత్రమే చక్రములను త్రిప్పుటకు పనికివచ్చును. తక్కినదంతయు వేడిమియై, కొంత పొగగొట్టము ద్వారా వెలికి పోవును. కొంత ఇంజను గోడలలో నిలుచును. ఆ గోడల చుట్టునుగల కాలువలలో నీరు తిరుగుచు వేడిని గ్రహించి, ముందుభాగముననున్న రేడియేటరునకు కొనిపోవును. అచట సన్నని గొట్టములలో పాఱుచు, ఎదురుగాలికి వేడిని విడిచి, నీరు మఱల ఇంజనులోనికి వచ్చును. బండి నిలిచియున్నపుడు ఎదురుగాలి లేదు గనుక విద్యుత్తుతో నడచు పంకా ఆ పని చేయును. దారి మధ్యలో థర్మోస్టాటు అను చిన్న తలుపు కలదు. దానిలోని మైనము సుమారు 80 డిగ్రీలు దాటిన పిమ్మట కరగి వ్యాకోచించి తలుపును తెఱచును. చల్లారగనే అది మూసికొనును. ఘనపదార్థము ద్రవమగునపుడు వ్యాకోచించుననుటకు ఇంతకంటె చక్కని యుదాహరణము పాఠ్యపుస్తకములలో నరుదు.

ఇక రేడియేటరు మూతను గూర్చి చెప్పవలయును. బాలురు దీనిని శ్రద్ధగా చదువవలయును. అది కేవలము మూత గాదు. లోపలి యొత్తిడిని నిలిపియుంచు కవాటము. ఇట్టి మూతలు సాధారణముగా వాతావరణపు టొత్తిడికి పైగా చదరపు సెంటీమీటరునకు సుమారు 0.9 కిలోగ్రాముల యొత్తిడిని నిలుపును. బయట 100 డిగ్రీలకు మఱగు నీరు ఆ యొత్తిడిలో 118 డిగ్రీలవఱకును మఱగక నిలిచియుండును. 1679వ సంవత్సరమున డెనిస్ పాపిన్ కనిపెట్టిన ఆవిరిపాత్రయు, మన వంటయింటి ప్రెషర్ కుక్కరును ఈ సూత్రముపైననే పనిచేయును. ఇట్లు 110 డిగ్రీల వేడిలోనున్న నీటిపైని మూతను ఒక్కసారిగా త్రిప్పి తీసినచో ఏమగును? ఒత్తిడి తొలగిన తక్షణమే ఆ నీరంతయు మఱగనారంభించి, ఆవిరియు వేడినీరును కలిసి ముఖముపైకి చిమ్మును. విజిలు దిగకమునుపు కుక్కరు మూత తీయ నెవ్వరును సాహసింపరు. అదే మనుష్యులు దారిలో తొందరపడి రేడియేటరు మూతపై చేయి వేయుదురు. గుడ్డ కప్పి తీసిన ప్రమాదము లేదనుట కేవలము భ్రమ.

తోలుచుండగా వేడిమిని చూపు ముల్లు మామూలు స్థానము దాటి పైకి పోవుచున్నదనుకొనుడు. వెంటనే ఏ.సీ. నాపవలయును. వేడిగాలి నిచ్చు హీటరున్నయెడల దానిని పూర్తిగా త్రిప్పి, కిటికీలు దింపవలయును. మండుటెండలో వేడిగాలి యేలయని నవ్వు రావచ్చును. ఆ హీటరు కూడ ఇంజను నీటితోనే పనిచేయు చిన్న రేడియేటరు. కనుక కొంత వేడిని అది లాగికొనిపోవును. ముల్లు దిగనిచో, లేక ఆవిరి కనబడినచో, మఱి నూఱు గజములును పోక బండిని ప్రక్కకు తీసి ఇంజనునాపవలయును. "పెట్రోలు బంకువఱకు పోదము" అను మాటతో ఎన్నియో ఇంజనులు పాడైనవి. వేడి మితిమీఱినచో అల్యూమినియముతో చేసిన పైభాగము వంగిపోవును; దానికిని క్రిందిభాగమునకును నడుమనున్న గ్యాస్కెట్టు కాలిపోవును.

బానెట్టు లేపి, కనీస మరగంట, సాధ్యమైన గంటసేపు ఆగవలయును. కొన్ని కార్లలో ఇంజను నాపిన తరువాతను పంకా తనంతట తాను తిరుగును గాన దానిదగ్గర వ్రేళ్లు పెట్టరాదు. చల్లారిన పిమ్మట పైనున్న లావు రబ్బరు గొట్టమును మందపు గుడ్డతో నొక్కి చూడుడు. గట్టిగా నున్నచో లోపల ఒత్తిడి యింకను కలదు. మెత్తగా నణగినచో మూతను మెల్లగా త్రిప్పవచ్చును. నీరు పోయునపుడు కొంచెముకొంచెముగా పోయవలయును. కాలుచున్న ఇంజనులో చల్లని నీరు గుమ్మరించినచో, వేడిగాజులో చన్నీరు పోసినట్లు లోహము పగులవచ్చును.

వేడెక్కుటకు కారణమును కనుగొనుటలో ఒక్క ప్రశ్న మిక్కిలి యుపయోగకరము: బండి యెప్పుడు వేడెక్కినది? ఊరి నడుమ, రద్దీలో నిలిచినపుడే ముల్లు లేచి, వేగముగా పోవునపుడు దిగుచున్నయెడల నీటిలో లోపము లేదు. పంకా తిరుగుటలేదని యూహింపవచ్చును. దాని ఫ్యూజు, తీగె తగులు, రిలే, మోటారు వరుసగా చూడవలయును. అట్లుగాక అరకు కనుమనో, శ్రీశైలపు కొండదారినో ఎక్కునపుడును, సూటి రహదారిపై వేగముగా పోవునపుడును వేడెక్కినచో, నీరు తగ్గుటయో, రేడియేటరు పూడుటయో, పంపు చెడుటయో కారణమగును. బయలుదేరిన కొలది నిమిషములలోనే ముల్లు పైకి పరుగెత్తినచో థర్మోస్టాటు మూసికొని యిఱుకుకొనియుండవచ్చును. మన మెకానిక్కులలో కొందఱు దానిని తీసి పాఱవేసి, ఇక వేడి సమస్య లేదందురు. ఇది మంచి పద్ధతి కాదని నా యభిప్రాయము. అది లేని ఇంజను తగినంత వెచ్చబడుటకు చాలసేపు పట్టి, పెట్రోలు నెక్కువగా త్రాగును, అరుగుదలయు నెక్కువగును. క్రొత్తదాని వెల యంత యెక్కువ కాదు.

ఏ నీరు పోయవలయునను విషయములో మనవారు మిక్కిలి యశ్రద్ధ చూపుదురు. మన జిల్లాలలో పెక్కుచోట్ల బోరునీరు చవిటినీరు. కాచిన గిన్నె యడుగున తెల్లని పొర కట్టుట గృహిణులెఱిగినదే. అదే పొర రేడియేటరు సన్నగొట్టములలో పేరుకొని దారిని మూయును, వేడిని దాటనీయదు. కాబట్టి బ్యాటరీకి వాడు డిస్టిల్డు వాటరును, కూలెంటును కలిపి పోయుట యుచితము. కూలెంటులోని ముఖ్యద్రవ్యమైన ఎథిలీన్ గ్లైకాల్ నీటి మఱుగుస్థానమును పెంచును. దానిలో చేర్చిన మందులు లోహములు తుప్పుపట్టకుండ కాపాడును. దారిలో గత్యంతరము లేనపుడు త్రాగునీరే పోయవచ్చును. ఇల్లు చేరిన పిమ్మట మార్పింపవలయును. మఱియొక మాట: గ్లైకాల్ తియ్యగా నుండును, విషము. నేలపై కాఱిన కూలెంటును కుక్కలు నాకి చచ్చును; పిల్లలకును ప్రాణాపాయము. దానిని శీతలపానీయపు సీసాలో పోసి యింటిలో నుంచుట యెన్నడును చేయరాదు.

వారమున కొకసారి, ఉదయము ఇంజను చల్లగానున్నపుడు, సమతలమైన నేలపై బండిని నిలిపి, కూలెంటు డబ్బాలో మట్టము రెండు గీతల నడుమ నున్నదో లేదో చూడవలయును. పిమ్మట నూనె పుల్లను తీసి, తుడిచి, మఱల ముంచి చూడవలయును. నూనె నల్లబడుట సహజము. అది పాలుకలిపిన కాఫీవలె తెల్లబాఱినయెడల నీరు నూనెలో కలిసినదని యర్థము, గ్యాస్కెట్టు పోయియుండును. అట్టి బండిని ఒక్క మైలైనను నడుపరాదు, లాగించుకొనిపోవలయును. కూలెంటు నానాటికి తగ్గుచు నేలపై తడి కనబడనిచోను, పొగగొట్టమునుండి తియ్యని వాసనగల తెల్లని పొగ విడువక వచ్చుచున్నచోను అదియే యనుమానము.

బండి కదలకున్నపుడు చెవియే మొదటి సాధనము. తాళపుచెవి త్రిప్పగా టకటకమని శబ్దము వచ్చి సెల్ఫు తిరుగనిచో దోషము తఱచుగా బ్యాటరీదే, లేదా దాని కొనలపై పూచిన తెలుపుపచ్చని పొడిది. ఆ పొడిని, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, ఆఱబెట్టి, బిగించినచో చాలసార్లు పని తీఱును. విప్పునపుడు ఋణధ్రువపు తీగెను ముందుగాను, బిగించునపుడు దానిని కడపటను పట్టవలయును. లేనిచో స్పానరు బండి లోహమునకు తగిలి నిప్పులు రాలును. బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడును గాన అగ్గిపుల్ల వెలిగించి చూచుట మూర్ఖత్వము. నిండు బ్యాటరీ నిలుకడగా 12.6 వోల్టులు చూపును. ఇంజను నడచునపుడు 14 వోల్టుల దరిదాపున లేనిచో ఆల్టర్నేటరును చూపింపవలయును.

సెల్ఫు చక్కగా తిరిగియు ఇంజను అందుకొననిచో, మొదట పెట్రోలున్నదా యని చూచుకొనుడు. ముల్లు అబద్ధమాడుట కలదు. తాళపుచెవి త్రిప్పినపుడు వెనుకసీటు క్రింద రెండు క్షణములు పంపు గుయ్యిమను ధ్వని వినబడవలయును. కార్బురేటరుగల పాతబండ్లలో ఈ ధ్వని యుండదు. వినబడవలసిన బండిలో వినబడనిచో ఫ్యూజును చూడుడు. ఫ్యూజులకు రంగులు కలవు: ఎఱుపు 10 ఆంపియర్లు, నీలము 15, పసుపు 20. కాలిన నీలమునకు నీలమే వేయవలయును. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమో, రాగితీగెయో చుట్టి పని గడుపుకొనువారు, ఫ్యూజునకు బదులుగా తీగెలనే కాలనిచ్చుచున్నారు. బండి తగులబడుట కిది చాలును. మూసిన షెడ్డులో ఇంజను నడుపుచు ఈ పరీక్షలు చేయుటయు ప్రాణాంతకము. వాసన లేని కార్బన్ మోనాక్సైడు నిమిషములలో స్పృహ తప్పించును.

బ్రేకులయందు మాత్రము స్వయంవైద్యము వలదు. తొక్కినపుడు పెడలు మెత్తగా దిగిపోయినను, బ్రేకునూనె మట్టము హఠాత్తుగా తగ్గినను, బండిని కదపక మెకానిక్కును ఇంటికి పిలిపింపుడు.

చక్రము మార్చుట యింటిలో అందఱును నేర్వదగినది, ఆడపిల్లలకును నేర్పవలయును. చేతిబ్రేకు వేసి, మొదటి గేరులో నుంచి, ఎదుటి మూలనున్న చక్రమునకు రాయి అడ్డము పెట్టి, నట్టులను చక్రము నేలపై నుండగనే కొంచెము వదులుచేసి, అటుపిమ్మట జాకీ ఎత్తవలయును. జాకీపైనున్న బండి క్రిందకు చేయిగాని తలగాని పోనీయరాదు. 650 కిలోగ్రాముల బరువు జాఱుటకు మెత్తని మట్టి చాలును. నట్టులను ఎదురెదురుగా బిగించి, దింపిన పిమ్మట మఱల బిగింపవలయును. డిక్కీలోని స్టెప్నీలో గాలి యున్నదో లేదో ప్రయాణమునకు ముందుదినమే చూచుకొనుడు. దారిలో చూచినచో ప్రయోజనము లేదు.